'రాగివే కదా' అనకండి: శంషాబాద్ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకుల వారికి, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ హైదరాబాద్ సర్కిల్ అధికారులకు, శంషాబాద్ అంతర్జాతీయ విమానాశ్రయ కస్టమ్స్ అధికారులకు,



"రాగివే కదా, వాటికి పరీక్షలెందుకు?" పాత నాణేల సంగతి ఎత్తితే చాలు, ఈ మాట ఎదురవుతుంది. ఒక కార్యాలయంలో ఒక అధికారి నాతో సరిగ్గా ఇదే అన్నారు. అది ఏ కార్యాలయమో, ఆయన ఎవరో రాయను. అలా అనుకునేవాళ్లు ఆయన ఒక్కరే కాదు. బొమ్మ చూసి, బరువు తూచి, లోహం అన్న గడిలో 'రాగి' అని ఒక్క ముక్క రాసి సంచి మూతి కట్టేయడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటును నేను ఒప్పుకోలేను. దాన్ని మార్చగల అధికారం మీ ముగ్గురి చేతుల్లో ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకు, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

చట్టం ఏమంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం ఏదైనా పురావస్తువే. అది బంగారమా, సీసమా, రాగా అని ఆ చట్టం అడగదు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలన్న 1878 నాటి చట్టమూ లోహాన్ని బట్టి తేడా చూపదు. చట్టం చూపని తేడాను మనం ఎందుకు చూపుతున్నాం?

బంగారానికి మనం చూపే శ్రద్ధ తెలియాలంటే, ఇదే హైదరాబాద్‌లో ఒక ఆడపిల్ల పెళ్లికి చేయించే బంగారు గాజు సంగతి చూడండి. 2021 జూన్ 16 నుంచి హైదరాబాద్‌తో సహా దేశంలోని 256 జిల్లాల్లో బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. ఆ ముద్ర పడాలంటే గాజు ముందుగా ఎక్స్ఆర్ఎఫ్ యంత్రం కిందికి వెళ్తుంది. మన దుకాణాల్లో దాన్నే కారట్ మీటర్ అంటారు. నగకు గీత పడదు, గాటు పడదు. నిమిషం తిరిగేలోగా బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అన్నది తెర మీద కనిపిస్తుంది. నిన్న కరిగించి పోసిన గాజుకు ఇంత శ్రద్ధ చూపిస్తున్న ఊళ్లో, మూడున్నర శతాబ్దాల కింద గోల్కొండ రాజ్యంలో ముద్రించిన ఫలూసుకు, అంటే రాగి నాణేనికి, ఆ ఒక్క నిమిషం కేటాయించలేమా?

ఆ యంత్రం చేసే పని మీలో శాస్త్రం చదివినవారికి తెలిసిందే. సంతకాలు పెట్టే ప్రతి అధికారికీ తెలియాలని రెండు మాటల్లో చెబుతున్నాను. యంత్రం నుంచి వచ్చే ఎక్స్‌రే నాణెం మీద పడి, పరమాణువు లోపలి కక్ష్యలో ఉన్న ఒక ఎలక్ట్రాన్‌ను వెళ్లగొడుతుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్య ఎలక్ట్రాన్ దిగుతుంది. అలా దిగేటప్పుడు మిగిలిపోయిన శక్తి ఇంకో ఎక్స్‌రేగా బయటికి వస్తుంది. ఆ శక్తి ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది. ఇనుముకు 6.40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, రాగికి 8.05, జింకుకు 8.64, తగరానికి 25.27. శాస్త్రవేత్త మోస్లే ఈ క్రమాన్ని 1913లోనే బయటపెట్టాడు. అంటే నూరేళ్లు దాటిన విజ్ఞానం ఇది. ఇప్పుడు కిలోన్నర బరువుతో, పిస్తోలు ఆకారంలో చేతిలో పట్టుకుని వాడే యంత్రంగా దొరుకుతోంది.

మన దగ్గర ఈ విద్యకు పునాది లేదని ఎవరూ అనలేరు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టి, సన్యసించి, ఆ పైన ప్రాగ్ వెళ్లి ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధన చేసిన స్వామి జ్ఞానానంద తెలుగువాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణు పరిశోధనశాలను నిలబెట్టింది ఆయనే. ఆ కాషాయ వస్త్రాల శాస్త్రవేత్త ప్రయోగశాలలో కూర్చుని చదివిన విద్యను మనం బంగారు కొట్ల వరకే పరిమితం చేశాం. నాకు ఇది బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పరీక్ష చేస్తే ఏం తెలుస్తుంది?

గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా నాణేలనే తీసుకోండి. 1656లో యువరాజు ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చి, అవమానకరమైన సంధికి ఒప్పించి వెళ్లాడు. ఆ తరువాత వచ్చిన రాగి నాణేల మీద హిజ్రీ 1068 అని తేదీ కనిపిస్తుంది. మన లెక్కలో అది 1657-58. ఆ తేదీ అక్కడే ఆగిపోయింది. 1672లో అబ్దుల్లా పోయి అబుల్ హసన్ తానాషా గద్దె ఎక్కినా నాణెం మీద అదే 1068. 1687లో కోట మొగలుల పాలయ్యేదాకా దాదాపు ముప్పై ఏళ్ల పాటు టంకశాల ఎక్కువగా ఆ ఒకే తేదీ కొట్టింది. ఆ నాణేల్లో ఏది మామ అబ్దుల్లా కాలానిది, ఏది అల్లుడు తానాషా కాలానిదో తేదీ చెప్పలేదు. అక్షరాల తీరు కొంత చెబుతుంది, అదీ అరిగిపోయిన బిళ్ల మీద కష్టం. మరి లోహం చెబుతుందేమో చూశామా? టంకశాలకు వచ్చే రాగి మారితే దానిలోని సీసం, ఆర్సెనిక్, యాంటిమొనీ, వెండి పాళ్లు మారతాయి. కొన్ని వందల 1068 నాణేలను కొలిచి పక్కపక్కన పెడితే అవి గుంపులుగా విడిపోవచ్చు. విడిపోకపోతే ముప్పై ఏళ్ల పాటు ఒకే రకం రాగి వచ్చిందని తెలుస్తుంది. రెండింటిలో ఏది తేలినా చరిత్రే.

దీని వెనక ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు నాగసాకి నుంచి జపాన్ రాగి కడ్డీలను ఓడల్లో తెచ్చి కోరమండల్ తీరంలో అమ్మారు. మచిలీపట్నంలో వాళ్లకు కోఠీ ఉండేది, అది గోల్కొండ రేవు. ఆ కడ్డీలు బండ్లెక్కి హైదరాబాద్ టంకశాల దాకా వచ్చాయా? కూరగాయలు కొనుక్కునే మామూలు మనిషి చేతిలో నలిగిన ఫలూసు, జపాన్ కొండల్లో పుట్టిన రాగితో చేసినదా? జపాన్ వాళ్లు సీసం సాయంతో రాగిలోంచి వెండిని లాగేసేవారు. కాబట్టి వెండి బాగా తక్కువగా, సీసం ఆనవాలుతో ఉన్న నాణేలు కనిపిస్తే వాటిని పక్కకు తీయాలి. చేతి యంత్రం ఈ ప్రశ్నకు తుది తీర్పు ఇవ్వలేదు, ఆ సంగతి ఒప్పుకుని తీరాలి. అతి స్వల్పంగా ఉన్న వెండి దానికి అందదు. గని ఏదో తేలాలంటే సీసం ఐసోటోపుల పరీక్ష కావాలి, అది ఖర్చుతో కూడినది. వేల నాణేల్లో ఏ పాతికను ఆ పరీక్షకు పంపాలో ఏరి ఇచ్చేది మాత్రం ఎక్స్ఆర్ఎఫ్. ఆ మొదటి వడపోతే లేకపోతే రెండో మెట్టు ఎలా ఎక్కుతాం?

శాతవాహనుల వైపు వెళ్తే ఈ అవసరం మరీ ఎక్కువ. పెద్దబంకూరు, కోటిలింగాల, ధూళికట్ట, కొండాపూర్. ఈ పేర్లు వింటే ఏ నాణేల విద్యార్థికైనా ఒళ్లు పులకరిస్తుంది. పెద్దబంకూరులో వేల నాణేలు దొరికాయి. ఈ కాలపు నాణేల జాబితాల్లో రాగి, పోటిన్, సీసం అని లోహాలు రాసి ఉంటాయి. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రమం. అయితే కంటికి కనిపించే రంగును బట్టి దీనికీ రాగికీ మధ్య గీత గీయడం ఎంత నమ్మకమైన పని? నేలలో రెండువేల ఏళ్లు పడి ఉన్న బిళ్ల రంగు దాని లోహం చెబుతుందా, దాని మీది చిలుము చెబుతుందా?

సంచాలకుల వారూ, మీ శాఖ ఘనత నాకు తెలుసు. 1961లో మారేమండ రామారావు గారు హైదరాబాద్ మ్యూజియంలోని శాతవాహన నాణేల జాబితా అచ్చు వేయించారు. అదే ఏడు అబ్దుల్ వలీ ఖాన్ గారి కుతుబ్ షాహీ నాణేల జాబితా వచ్చింది. నాణేల మీద పని చేసేవాళ్లం ఇప్పటికీ వాటిని చేతిలో పెట్టుకునే కూర్చుంటాం. ఆనాడు అందుబాటులో ఉన్న అన్ని కొలతలూ వాళ్లు ఇచ్చారు. ఈనాడు అందుబాటులో ఉన్న కొలత మనం ఇవ్వకపోతే వాళ్ల వారసులమని చెప్పుకోగలమా? 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో మీ శాఖ తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసం నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. సగటు బరువు 2.3 గ్రాములని ప్రకటించారు. చదివి పొంగిపోయాను. దాంతో పాటే నాలో ప్రశ్నలూ మొదలయ్యాయి. సీసంలో ఇంకేం కలిసింది? 3,730 నాణేలూ ఒకే పోతవా, ఎన్నో పోతలవా? పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండ్లమొట్టులో మన కాలందాకా సీసం తవ్వారు. అటువైపు నుంచి వచ్చిందా? ఇంత పెద్ద కుండ దొరకడం అరుదు. దాని ప్రతి నాణేనికీ అంకెలు ఉండాలని, ఆ అంకెలు జనం ముందుకు రావాలని కోరడం తప్పా?

యంత్రం కొని ఇస్తే చాలు, పని అయిపోతుందని నేను అనడం లేదు. తప్పుగా వాడిన యంత్రం అబద్ధపు అంకెను దశాంశ స్థానాలతో సహా ఇస్తుంది. ఎక్స్ఆర్ఎఫ్ రాగిలో చూసేది పైపొరనే, కొన్ని పదుల మైక్రాన్ల లోతు మాత్రమే. ఆ పొర నిండా చిలుము ఉంటే యంత్రం చిలుమునే కొలుస్తుంది. శంషాబాద్ చుట్టుపక్కల ఎర్రచెలకల్లో పడి ఉన్న బిళ్ల ఇనుము ఎక్కువ చూపిస్తుంది. అది నాణెం ఇనుము కాదు, మట్టిది. ఇత్తడి అయితే పైపొరలోని జింకు కాలక్రమాన కొట్టుకుపోయి ఉంటుంది. యంత్రం చూపే వర్ణపటంలో సీసం ముఖ్యమైన గీత, ఆర్సెనిక్ ముఖ్యమైన గీత రెండూ 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అనుభవం లేని మనిషి సీసాన్ని ఆర్సెనిక్ అని రాసేయగలడు. తెలిసిన మనిషి సీసం రెండో గీతను 12.6 దగ్గర, ఆర్సెనిక్ రెండో గీతను 11.7 దగ్గర వెతికి సరిచూసుకుంటాడు. అందుకే మనిషికి శిక్షణ కావాలి, కూర్పు ముందే తెలిసిన ప్రామాణిక లోహపు ముక్కలు కావాలి, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. పెద్ద కుండల్లో దొరికే ఒకేరకం నాణేల్లో కొన్నింటికి అంచు మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర చిలుము తీసి కొలిచేందుకు నిపుణుల సంఘం అనుమతి కావాలి.

ఇక్కడే ఒక విన్నపం. నాణేలను తోమనివ్వకండి. పండగ ముందు రాగి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి, నిమ్మచెక్క పెట్టి తళతళలాడించి అమ్మే పద్ధతి బజారులో ఉంది. పులుపు తగిలిన నాణెం మీద చిలుముతో పాటు దాని సాక్ష్యమూ పోతుంది. పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో పెట్టినా కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ నుంచి ఊరే రసాయనం రాగిని తినేసి పచ్చటి జిగురు మిగులుస్తుంది. కాగితపు కవర్ ఎంత ఖరీదు?

కస్టమ్స్ అధికారులారా, మీకు ఈ లేఖతో ఏం పని అనుకోకండి. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం తెరిచినప్పటి నుంచీ ఈ నేల నుంచి బయటికి పోయే వస్తువులకు చివరి గడప మీదే. ఒక నాణెం పురావస్తువా కాదా అన్న తీర్పు పురావస్తు సర్వేక్షణ సంస్థది. అయితే ఆ తీర్పు దాకా నాణెం ఏ స్థితిలో వెళ్తుందన్నది మీ చేతిలో ఉంటుంది. రాగి నాణెం విషయంలో రెండు రకాల అన్యాయం జరగవచ్చు. అసలైన ఫలూసు 'పాత పైసా, జ్ఞాపకానికి తీసుకెళ్తున్నా' అన్న మాటతో దాటిపోవచ్చు. నిన్న మొన్న పోత పోసి, మందు పూసి నలుపెక్కించిన బిళ్ల పట్టుబడి, దాన్ని తెలియక కొన్న ప్రయాణికుడు నేరస్తుడిలా నిలబడవచ్చు. ఈ రెండింటికీ మధ్య కంటి చూపు ఒక్కటే ఉండాలా? విద్యుత్తుతో రాగిని శుద్ధి చేసే పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గాని వాడుకలోకి రాలేదు. కుతుబ్ షాహీ నాణెం అని చెప్పి చూపిస్తున్న దానిలో 99.9 శాతం రాగి తప్ప ఇంకేమీ లేకపోతే అనుమానించాలి. జింకు ముప్పై అయిదు శాతం ఉన్న నేటి ఇత్తడి అయితే మరీ తేలిక. ఆ అంకె మీ పంచనామాలో ఉంటే కోర్టులో నిలబడుతుంది, అమాయకుడినీ కాపాడుతుంది. విడివిడి కవర్లలో పెట్టి, ఒక్కొక్కటి తూచి, రెండు వైపులా ఫొటో తీసి, ఒక్కసారి యంత్రం కింద పెట్టి పంపండి. అడుగుతున్నది ఇంతే.

యంత్రాలు లేవు, మనుషులు లేరు అన్న జవాబు ఈ నగరంలో చెల్లదు. విమానాశ్రయం నుంచి నగరం వైపు వస్తుంటే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది, లోహపు పొడుల మీద, కొత్త పదార్థాల మీద దేశం గర్వించే పరిశోధన అక్కడ జరుగుతుంది. కంచన్‌బాగ్‌లో లోహ పరిశోధన సంస్థలైన డీఎంఆర్ఎల్, ఎన్ఎఫ్‌టీడీసీ ఉన్నాయి. బండ్లగూడలో భూగర్భ సర్వేక్షణ సంస్థ, హబ్సిగూడ దగ్గర భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ. ఈసీఐఎల్ దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన జాతీయ కేంద్రం ఒకటి ఉంది, పదార్థాల్లో ఏముందో కొలవడమే దాని పని. ఇన్ని లోహ శాస్త్ర సంస్థలు ఒకే నగరంలో ఉన్న చోటు దేశంలో ఇంకెక్కడుంది? చర్లపల్లిలో టంకశాల ఉంది. నిజాం సికందర్ జా కాలం నుంచి, 1803 నుంచి లెక్కపెట్టుకునే టంకశాల అది. సైఫాబాద్‌లోని దాని పాత భవనాన్ని 2022 జూన్‌లో మ్యూజియంగా తెరిచారు. అక్కడే నిజాం కాలంలో ముద్రించిన రెండు పైల కంచు నాణేలు ఇప్పటికీ ఇళ్లల్లో దొరుకుతాయి. యంత్రాలతో, కట్టుబాటుతో, తెలిసిన కాలంలో, తెలిసిన చోట చేసిన ఆ నాణేలను ముందుగా కొలిచి యంత్రం తీరును పరీక్షించుకోవచ్చు. ఈ సంస్థల గేట్లు తట్టాల్సింది ప్రజలు కాదు. ఒక శాఖ ఇంకో శాఖకు రాసే ఉత్తరంతో అయ్యే పని ఇది. ఆ ఉత్తరం మీద సంతకం ఎవరు పెడతారు?

ఆలస్యం ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. 5,495 ఎకరాల విమానాశ్రయం వచ్చాక శంషాబాద్, తుక్కుగూడ, మహేశ్వరం, కొత్తూరు చుట్టూ జేసీబీ దిగని పొలం అరుదు. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో వెంచర్ కోసం నేల చదును చేస్తుంటే బంగారు, వెండి నగల బిందె దొరికింది. జనం పోగయ్యారు, పత్రికలు రాశాయి, అధికారులు పరుగున వెళ్లారు. ఆ బిందెలో రాగి బిళ్లలే ఉండి ఉంటే? డ్రైవరు పారతో పక్కకు నెట్టేవాడు, లేదా పాత సామాన్ల వాడికి తూకానికి పోయేవి. ఎందుకంటే రాగి దొరికితే చెప్పాలని గానీ, చెబితే ఎవరైనా వస్తారని గానీ ఆ డ్రైవరుకు నమ్మకం లేదు. ఇంగ్లండులో 1996 నాటి నిధుల చట్టం, వెండి బంగారాలు నామమాత్రంగా ఉన్న నాణేలైనా మూడువందల ఏళ్లు దాటినవి పది ఒకేచోట దొరికితే నిధి కిందే లెక్కగడుతుంది. అక్కడి రైతుకు ఆ పది అన్న అంకె తెలుసు. మన చట్టంలోని పది రూపాయల సంగతి శంషాబాద్ మండలంలో ఎంతమంది వెంచర్ యజమానులకు తెలుసు? లేఅవుట్ అనుమతి కాగితంలోనే ఆ ఒక్క వాక్యం, ఫోన్ చేయాల్సిన నంబరుతో సహా ఎందుకు అచ్చు వేయరు?

నేను కోరేది పెద్ద పథకం కాదు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న 1068 తేదీ నాణేల్లోంచి ముందు నూరు తీయండి. కడగకుండా, తోమకుండా, రెండు వైపులా మూడేసి చోట్ల కొలిపించండి. ఏ యంత్రంతో, ఎన్ని కిలోవోల్టుల దగ్గర, ఎంతసేపు, ఏ ప్రామాణిక ముక్కతో సరిచూసి కొలిచారో రాయించండి. వచ్చిన అంకెలను, అందంగా లేనివాటితో సహా, ఎవరైనా దించుకునేలా ఉచితంగా పెట్టండి. చదవడానికి, లెక్క కట్టడానికి విశ్వవిద్యాలయాల్లో పిల్లలున్నారు. ఆ నూరు నాణేల అంకెలు వచ్చేలోగా, మ్యూజియంలో గానీ కస్టమ్స్ భద్రపు గదిలో గానీ ఉన్న ఏ రాగి నాణేన్నీ ఒకే రకానివి ఎక్కువున్నాయన్న కారణంతో వదిలించుకోబోమని రాతపూర్వకంగా ప్రకటించండి. ఒకే రకమని తేల్చింది కంటి చూపే తప్ప కొలత కాదు కదా?

మీ మూడు కార్యాలయాల్లో ఏదో ఒకటి ఈ లేఖకు తేదీ వేసి జవాబు ఇస్తుందని ఎదురుచూస్తున్నాను. ఆ జవాబులో నాకు కావలసింది పరీక్ష మొదలయ్యే రోజు, దాని బాధ్యత తీసుకునే అధికారి హోదా.

ఇట్లు,
పాత నాణేల అధ్యయనం చేసే ఒక శంషాబాద్ నివాసి